ఆటల పుస్తకాలు తెలుగులో యాడ దొరుకుతాయి? బిట్లు కాదు, కథ కావాలి

పీడీసార్_కళ్యాణదుర్గం
మా హైస్కూల్లో చదువుకుని ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థి ఒకరు లైబ్రరీ కోసమని 15,000 రూపాయలు పంపించారు. హెచ్ఎం గారు అందులో 5,000 ఆటల పుస్తకాలకు వాడుకోమని నా చేతికిచ్చారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో బంతులకూ నెట్లకూ డబ్బులు అడిగి తెచ్చుకున్నాను కానీ పుస్తకాలకని రావడం ఇదే మొదటిసారి. ఆ సంతోషంలో ఆదివారం అనంతపురం పోయి మూడు షాపులు తిరిగాను. మూడింట్లోనూ చూపించింది ఒకటే రకం, పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జి. ఏ కప్పు ఏ ఆటది, ఏ ఒలింపిక్స్ ఏ ఊర్లో, ఎవరికి ఏ అవార్డు. సినిమావాళ్ల జీవిత చరిత్రలు, నాయకుల జీవిత చరిత్రలు అరల నిండా ఉన్నాయి. ఆటగాళ్లవి అడిగితే షాపాయన చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల్లోంచి సచిన్‌ది ఒకటి తీసిచ్చాడు, ముప్పై పేజీలు.

ఇంత బాధ ఎందుకంటే, తొమ్మిదో తరగతిలో షాట్‌పుట్ వేసే అమ్మాయి ఒకరోజు అడిగింది, "సార్, మల్లీశ్వరికి కాంస్యం ఎందుకొచ్చింది, బంగారం ఎందుకు రాలేదు?" అని. వెయిట్‌లిఫ్టింగ్, సిడ్నీ, 2000, మన దేశ మహిళల్లో మొదటి ఒలింపిక్ పతకం, అంతవరకే చెప్పగలిగాను. ఎందుకు రాలేదో నాకూ తెలియదు. ఇలాంటి ప్రశ్నలకు జవాబు దొరికే పుస్తకాలు తెలుగులో ఉంటే తెలుగులో, లేకపోతే ఇంగ్లీషులో, మీరు చదివినవి చెప్పండి.

గుత్తి_జంక్షన్
ఇంగ్లీషులో కుప్పలు కుప్పలు ఉన్నాయి సార్. తెలుగులో నేనూ వెతికి వదిలేశాను.

నల్లరేగడి
సార్, తప్పుగా అనుకోవద్దు. ఈ కాలం పిల్లలు పుస్తకం ముట్టరు. మా వాడు టెన్త్, ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తాడు. ఆ 5,000కు రెండు మంచి వాలీబాళ్లు, ఒక నెట్టు కొనండి, సాయంత్రం పదిమంది ఆడుకుంటారు.

పీడీసార్_కళ్యాణదుర్గం
@నల్లరేగడి, పుస్తకాలకని ఇచ్చిన డబ్బుతో బంతులు కొనకూడదు. పైగా పిల్లలు చదవరని నేను ఒప్పుకోను. చదవడానికి ఇచ్చింది ఏముంది వాళ్లకు?

హంద్రీ_ఒడ్డు
ముందు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు రాస్తాను, రేపే చెప్పండి.

మల్లీశ్వరి 69 కిలోల విభాగం. స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తలపైకి ఎత్తడంలో, 110 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడంలో, 130. మొత్తం 240. బంగారం, వెండి గెలిచిన ఇద్దరివీ చెరొక 242.5. అంటే తేడా రెండున్నర కిలోలు. ఇంట్లో పంచదార డబ్బా అంత. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 132.5 పెట్టించుకుని ఉంటే, ఎత్తితే మొత్తం వాళ్లతో సమానమయ్యేది. కానీ ఏకంగా 137.5 పెట్టించారు. అది లేస్తే 247.5, ఎవరికీ అందనంత. లేవలేదు. కాంస్యం.

ఇప్పుడు పిల్లలను అడగండి సార్, మీరైతే ఎంత పెట్టించేవాళ్లు అని. ఆ పీరియడంతా వాళ్లే మాట్లాడతారు. పోటీ పరీక్షల పుస్తకంలో ఇది "2000, కాంస్యం" అని రెండు మాటలు. ఆ రెండు మాటల వెనక ఇంత ఉంది.

రాళ్లసీమపిల్ల
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లుగా కాంస్యం అని మాత్రమే తెలుసు నాకు.

లెఫ్టార్మ్_ప్రొద్దుటూరు
నేనైతే 137.5కే పోతాను.

గుత్తి_జంక్షన్
నేను 132.5. చేతికందేది ముందు తీసుకోవాలి కదన్నా.

పాతపుస్తకాలు_అనంత
ఈ వాదన మళ్లీ చేద్దాం, ముందు సార్ అడిగింది పుస్తకాలు. నేను ముప్పై ఏళ్లుగా పాత పుస్తకాలు ఏరుతున్నవాణ్ణి. నా దగ్గరున్న ఆటల పుస్తకాల్లో మొట్టమొదట చేతికివ్వాలంటే హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ రాసుకున్న ఆత్మకథ ఇస్తాను. పేరు "గోల్". 1952లో మద్రాసు నుంచి వచ్చింది. అప్పటికి మన అనంతపురం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, కాబట్టి ఒకరకంగా మన రాష్ట్రంలో అచ్చయిన పుస్తకమే.

ఆయన మూడు ఒలింపిక్స్ ఆడాడు, 1928, 1932, 1936, మూడుసార్లూ బంగారం. ఇది ఎవరికైనా తెలుసు. నాకు నచ్చేది బెర్లిన్ ఘట్టం. పోటీలు మొదలవకముందు జర్మనీతో ప్రాక్టీసు మ్యాచ్ ఆడి మనవాళ్లు 4-1తో ఓడిపోయారు. ఓటమి అలవాటు లేని జట్టు అది. రాత్రి నిద్ర పట్టలేదట. ఇండియా నుంచి దారా అనే ఆటగాణ్ణి అర్జెంటుగా పిలిపించుకున్నారు. ఫైనల్లో మళ్లీ అదే జర్మనీ. వానపడి మ్యాచ్ ఒకరోజు వాయిదా పడి ఆగస్టు 15న జరిగింది. ఆడేముందు డ్రెస్సింగ్ రూములో అసిస్టెంట్ మేనేజర్ పంకజ్ గుప్తా కాంగ్రెస్ మూడు రంగుల జెండా బయటికి తీశాడు. అందరూ దానికి వందనం చేసి గ్రౌండులోకి దిగారు. వాళ్లు బ్రిటిష్ ఇండియా జట్టు, గుర్తుపెట్టుకోండి. హాఫ్‌టైముకు 1-0. అయిపోయేసరికి 8-1.

1936 ఆగస్టు 15. స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా పదకొండేళ్ల ముందు. ఈ ఒక్క పేజీ ఆగస్టు 15న మీ స్కూల్లో జెండా ఎగరేశాక చదివి వినిపించండి సార్.

నల్లరేగడి
జెండా సంగతి నాకు తెలియదు. బాగుంది.

అనంత_బేస్‌లైన్
సార్, రైఫిల్ షూటర్ అభినవ్ బింద్రా పుస్తకం కూడా చూడండి, "ఎ షాట్ ఎట్ హిస్టరీ", 2011. గెలిచినవాడు ఓడిపోయిన రోజు గురించి అంత వివరంగా రాయడం నేను వేరే చోట చూడలేదు. 2004 ఏథెన్స్ ఫైనల్లో ఏడో స్థానం. ఏం తప్పు చేశానో తెలియక కుమిలిపోయాడు. తర్వాత తెలిసింది, ఆయన నిలబడిన చోట నేల మీది పలక వదులుగా ఉందని. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో ఫైనల్‌కు ముందు వార్మప్‌లో చూస్తే రైఫిల్ సైటు కుదురు తప్పి ఉంది. అక్కడికక్కడ సరిచేసుకుని ఫైనల్ ఆడి, ఆఖరి షాటు 10.8 కొట్టాడు. మన దేశానికి వ్యక్తిగత విభాగంలో మొదటి బంగారం.

మన అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల క్రీడా గ్రామం ఉంది, 2010 నుంచి నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు ఉంది. మా పిన్ని కొడుకు అక్కడే రాకెట్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. వాడికి ఈ బింద్రా కథ చెప్పినప్పటి నుంచి మ్యాచ్ ముందు కోర్టంతా నడిచి కాలితో తొక్కి చూసుకుంటాడు.

లెఫ్టార్మ్_ప్రొద్దుటూరు
క్రికెట్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నాకు ఊపిరాడటం లేదు 😀 మా కడప జిల్లా శ్రీచరణి 2025 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఎర్రమల్లె అనే పల్లె నుంచి. నాలాగే ఎడమచేతి స్పిన్. ఈ అమ్మాయి కథ రాయడానికి ఎవరో ఢిల్లీ నుంచి దిగేదాకా మనం చూస్తూ కూర్చుంటామా?

ఇక చదవాల్సింది రామచంద్ర గుహ రాసిన "ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్". 2002. లావు పుస్తకం, పిల్లలకు కాదు, సార్‌కు. అందులో పల్వంకర్ బాలూ ఉన్నాడు. దళితుడు, ఎడమచేతి స్పిన్నర్. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ బాగుచేసే పని చేస్తూ నెట్స్‌లో బంతులు వేసేవాడు. అప్పట్లో మతాలవారీగా జట్లుండేవి. తర్వాత హిందువుల జట్టు ఆయన్ని తీసుకుంది, కానీ టీ విరామంలో మిగతావాళ్లకు పింగాణీ కప్పుల్లో, ఆయనకు బయట మట్టి ముంతలో. గ్రౌండులో ఆయన వేసిన బంతినే అందరూ పట్టుకుంటారు, కప్పు మాత్రం వేరు! 1911లో ఇంగ్లండు పోయి 114 వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్‌ని చేయలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో ఇచ్చారు. నేను ఇది చదివిన రోజు రాత్రి మా ఊరి టీ కొట్టు గుర్తొచ్చింది. రెండు గ్లాసుల కొట్టు. నా చిన్నప్పుడు ఉండేది.

రాళ్లసీమపిల్ల
@లెఫ్టార్మ్_ప్రొద్దుటూరు ఆ రెండు గ్లాసుల మాట రాసినందుకు థాంక్స్ అన్నా. మా వైపూ ఉండేది.

గుత్తి_జంక్షన్
వీవీఎస్ లక్ష్మణ్ పుస్తకం వదిలేశారు. "281 అండ్ బియాండ్". 2001, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, ఫాలో ఆన్ ఆడుతూ ఆయన, ద్రావిడ్ కలిసి నాలుగో రోజంతా ఒక్క వికెట్టు పోకుండా ఆడారు. 376 పరుగుల భాగస్వామ్యం. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి జ్వరం. గెలిచింది 171 పరుగులతో. తెలుగువాడి పుస్తకం, తెలుగు పిల్లలకు తెలుగులోనే అందాలి అసలు.

హంద్రీ_ఒడ్డు
తెలుగువాడు అంటే సీకే నాయుడును మర్చిపోకండి. కొఠారి కనకయ్య నాయుడు. పుట్టింది నాగపూర్‌లో, ఇంట్లో మాట్లాడింది తెలుగు. 1932 లార్డ్స్, మన మొదటి టెస్టు, మొదటి కెప్టెన్. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 153, అందులో 11 సిక్సర్లు. ఆయన కూతురు చంద్ర నాయుడు, క్రికెట్ వ్యాఖ్యానం చేసిన మొదటితరం మహిళల్లో ఒకరు, తండ్రి మీద పుస్తకం రాశారు. అదీ ఇంగ్లీషులోనే.

నల్లరేగడి
అన్నీ క్రికెట్లే అయిపోతున్నాయి. ఇంకోమాట. ఈ ఆత్మకథలన్నీ వాళ్లు రాసుకున్నవేనా? వెనక ఇంకెవరో కూర్చుని రాస్తారని విన్నాను. అలాంటప్పుడు అది ఆయన మాట ఎట్లవుతుంది?

పాతపుస్తకాలు_అనంత
మంచి ప్రశ్న. చాలావాటికి రచయిత వేరే ఉంటాడు, నిజమే. కొన్నిట్లో పేరు అట్ట మీదే ఉంటుంది. బింద్రా పుస్తకం మీద రోహిత్ బ్రిజ్‌నాథ్ పేరు ఉంది, లక్ష్మణ్ పుస్తకం మీద ఆర్. కౌశిక్ పేరు ఉంది. టెన్నిస్ అగస్సీది మాత్రం రాసింది మోహ్‌రింగర్ అనే జర్నలిస్టు, అట్ట మీద ఆయనే పేరు వద్దన్నాడు. కానీ గంటలు గంటలు కూర్చోబెట్టి మాట్లాడించి, టేపుల్లో రికార్డు చేసుకుని రాశాడు. "నాకు టెన్నిస్ అంటే అసహ్యం" అని అగస్సీ నోట చెప్పించగలిగాడంటే, ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే ఆ మాట రాసుకునేవాడో లేదో. చేయి ఎవరిదన్నది కాదు, ఎదుట కూర్చున్నవాడు ఎంత ఓపికగా విన్నాడన్నది ముఖ్యం. మన దగ్గర లేనిది ఆ వినేవాడే.

రాళ్లసీమపిల్ల
ఈ వినేవాడు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నేను ఖోఖో ఆడేదాన్ని. 1998 నుంచి 2003 వరకు, జిల్లా జట్టు, రెండుసార్లు రాష్ట్రం. పేపర్లో పేరు పడిన ప్రతిసారి మా నాయన కత్తిరించి పాత లెక్కల నోటుబుక్కులో అంటించేవాడు. అన్నం మెతుకులతో. ఇల్లు మారినప్పుడు ఆ నోటుబుక్కు చెదలు పట్టి పోయింది. ఇప్పుడు నా కూతురికి నేను ఆడానని చెబితే, "ఫొటో ఉందా అమ్మా?" అంటుంది. లేదు. మా జట్టులో పన్నెండు మందిమి. ఒకరు కానిస్టేబుల్, ఇద్దరు టీచర్లు, ఒకామె కదిరి దగ్గర కూరగాయలు అమ్ముతుంది. పోల్ దగ్గర ఆమె తిరిగినట్టు తిరిగేవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ఇంట్లో వద్దంటే గోడ దూకి ప్రాక్టీసుకు వచ్చేది. ఇది ఏ పుస్తకంలో ఉంటుంది? గోపీచంద్ 2001 ఆల్ ఇంగ్లండ్, సింధు రెండు ఒలింపిక్ పతకాలు, అవన్నీ ఎవరో ఒకరు రాస్తారు. ఈమెది నేను రాయకపోతే ఎవరూ రాయరు.

అనంత_బేస్‌లైన్
రాయండక్కా. దయచేసి రాయండి.

గుత్తి_జంక్షన్
గోడ దూకే సంగతితో మొదలుపెట్టండి.

నల్లరేగడి
మనవాళ్ల ఆట అంటే నేనొకటి చెప్తా. బండలాగుడు. మా నాయన నలభై ఏళ్లు పందెం ఎడ్లు మేపినాడు. ఉగాదికి, తిరుణాళ్లకు ఆదోని నుంచి జమ్మలమడుగు దాకా తిరిగేవాళ్లం. పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన పెద్ద ఎడ్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎవరి జత ఎన్ని అడుగులు లాగితే వాళ్లదే. అందరూ బలం అనుకుంటారు. కాదు. కొసకు పోయాక మలుపు తిప్పేటప్పుడు జత విడిపోకుండా తిప్పేవాడే గెలుస్తాడు. మా నాయన మలుపు దగ్గర ఎద్దు చెవిలో ఏదో అనేవాడు. ఏమంటావు నాయనా అంటే చెప్పేవాడు కాదు. పోయేదాకా చెప్పలేదు.

హంద్రీ_ఒడ్డు
అన్నా, మీ నాయన గారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఎద్దుల్ని కొట్టి లాగించేది ఆట ఎట్లవుతుంది? ఆడాలని ఎద్దు అనుకోలేదు కదా.

నల్లరేగడి
కొట్టేవాళ్లు ఉన్నారు, కాదనను. మా నాయన చెర్నాకోల పట్టలేదు. ఉలవలు ఉడకబెట్టి తన చేత్తో తినిపించి, తర్వాత తాను తినేవాడు.

హంద్రీ_ఒడ్డు
మీ నాయన గురించి నేను నమ్ముతాను. ఆ పోటీ గురించి నా మాట మాత్రం మారదు. అయినా ఇది కూడా రాసిపెట్టాలి, కొట్టిన సంగతితో సహా.

పాతపుస్తకాలు_అనంత
అదే కదా. గెలుపులు ఒక్కటే రాస్తే మళ్లీ బిట్ల పుస్తకమే అవుతుంది.

లెఫ్టార్మ్_ప్రొద్దుటూరు
ఒక్క మాట చెప్పి పడుకుంటాను. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి సినిమా చూసినవాళ్లు ఉన్నారు కదా. ఆయన బడిపంతులు, పీడీసార్ లాగే. ఆయన తయారుచేసిన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కాన్సర్‌తో ఉండి జట్టును నడిపించాడు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌లో ఆడించాడు, అతను ఫైనల్లో గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1. మరుసటి ఏడాది ఆయన పోయాడు. సినిమా వచ్చేదాకా ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పీడీసార్_కళ్యాణదుర్గం
పద్దెనిమిది రోజులు రాలేకపోయాను, మండల స్థాయి పోటీలు నడిచాయి. అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. జరిగింది చెప్తాను.

హంద్రీ_ఒడ్డు గారు ఇచ్చిన అంకెలు బోర్డు మీద రాశాను. 110, 130, 240. పక్కన 242.5. మల్లీశ్వరి చోట మీరుంటే ఎంత పెట్టిస్తారని అడిగాను. క్లాసు రెండుగా చీలింది. మగపిల్లల్లో ఎక్కువమంది 132.5 అన్నారు. షాట్‌పుట్ అమ్మాయి 137.5 అంది. ఎందుకమ్మా అంటే, "సార్, మళ్లీ అక్కడికి పోతామో లేదో తెలియదు కదా" అంది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. తర్వాతి పీరియడు లెక్కల సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఆయనా ఓటు వేశారు. 132.5కు.

బింద్రా, లక్ష్మణ్ పుస్తకాలు తెప్పించాను. గుహ పుస్తకం నా సొంత డబ్బుతో కొన్నాను, చదువుతున్నాను. పిల్లలకు ఇంగ్లీషు కష్టం కాబట్టి శనివారం ఆఖరి పీరియడ్లో పది నిమిషాలు తెలుగులో చెప్తున్నాను. మొదటి శనివారం ఏథెన్స్ పలక కథ. సాయంత్రం గ్రౌండుకు పోయి చూస్తే షాట్‌పుట్ సర్కిల్ లోపల ముగ్గురు మోకాళ్ల మీద కూర్చుని నేల తడిమి చూస్తున్నారు. ఒకచోట నిజంగానే సిమెంటు లేచిపోయి ఉంది. ఇన్నేళ్లుగా నేను గమనించలేదు. సోమవారం మేస్త్రీని పిలిపించి పూయించాను.

ఇంకా 2,900 మిగిలాయి. దాంతో రెండొందల పేజీల నోటుబుక్కులు, అట్టలు కొంటే ఒప్పుకుంటారా అని హెచ్ఎం గారిని అడిగాను. ఊర్లో పాత కబడ్డీ ఆటగాళ్లు నలుగురున్నారు. ఒకాయనకు ఎనభై దాటాయి, ఇప్పటికీ కూత మొదలుపెడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. పిల్లలు పోయి అడిగి రాసుకుంటారు. పుస్తకాలకిచ్చిన డబ్బే కదా, ఇవీ పుస్తకాలే అన్నాను. సంతకం పెట్టారు.

పాతపుస్తకాలు_అనంత
సార్, నోటుబుక్కులకు బైండింగ్ నేను చేయిస్తాను, డబ్బులొద్దు. చెదలు పట్టకుండా వేపాకు వేసి అట్ట కట్టేవాడు ఒకాయన పాతూర్లో ఉన్నాడు. పిల్లలకు ఒక్క మాట చెప్పండి, తారీఖు, ఊరు, ఎవరు చెప్పారన్నది ప్రతి పేజీ మీదా రాయమనండి.

రాళ్లసీమపిల్ల
నేను ఆరు పేజీలు రాశాను. కదిరి పోయి ఆమెను కలిశాను, నాతోపాటు సంతలో కూర్చుని మధ్యాహ్నం దాకా మాట్లాడింది. గోడ దూకింది ఒకసారి కాదట, వారానికి మూడుసార్లట. ఆమె దగ్గర ఒక ఫొటో ఉంది! 2001, మా జట్టు పన్నెండు మందిమీ. నేను ఎడమ నుంచి నాలుగు. ఫోనుతో తీసుకుని వచ్చి మా పాపకు చూపించాను.

నల్లరేగడి
సార్, మీ స్కూలు పిల్లలు బండలాగుడు గురించి అడగాలంటే మా ఊరికి రమ్మనండి. బస్సు చార్జీలు నేను పెట్టుకుంటాను. మా వాణ్ణి కూడా కూర్చోబెడతాను. వాడికీ నేను ఎప్పుడూ చెప్పలేదు ఇవన్నీ.

పీడీసార్_కళ్యాణదుర్గం
వచ్చే రెండో శనివారం వస్తాం. పదకొండు మంది పిల్లలు, నేను. పొద్దున ఏడున్నర బస్సుకు.

హంద్రీ_ఒడ్డు
కర్నూలు నుంచి నేనూ వస్తాను. కొట్టడం గురించి నేనే అడుగుతా, ముందే చెప్తున్నా.

నల్లరేగడి
రాన్నా. అన్నం మా ఇంట్లోనే.